పేడ పట్టించిన గింజలు

మౌలాబీ పొద్దున్నుంచీ ఒక్కచోట నిలవడం లేదు. వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి కొట్టు వాకిట్లోకి కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. పొయ్యి మీద సంకటి అడుగంటి వాసన కొడుతుంటే పక్కింటావిడ గోడ అవతల్నుంచి కేకేసి చెప్పాల్సి వచ్చింది.

తెల్లవారుజామున వాన పడింది. ఊరంతా కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసిన వాన. నల్లరేగడి తాగినంత తాగి, మిగిలింది బోదెల్లోకి వదిలేసింది. సాగర్ కాలవ వస్తుంది వస్తుందని పేపర్లో చదివి చెప్పేవాళ్ళే గానీ ఆ నీళ్ళు ఎవరూ కళ్ళజూడని రోజులవి. శ్రావణంలో పడే ఈ వానకే పత్తి విత్తాలి. పదును నాలుగు రోజులు నిలిస్తే నిలుస్తుంది, పడమటి గాలి తిరిగిందంటే అదీ లేదు. అందుకే వెలుగొచ్చీ రాకముందే జనం అటక మీంచి విత్తనాలు వేసే గొర్రులు దింపారు, ఎడ్లకు మేత వేశారు, గంపలూ గోనెసంచులూ పట్టుకుని నాగూర్ వలి విత్తనాల కొట్టుకు బయల్దేరుతున్నారు.

ఊళ్ళో అందరి మొహాలూ కళకళలాడుతుంటే నాగూర్ వలి భార్య మౌలాబీకి మాత్రం మనసు మనసులో లేదు. ఆమె కొంగు చాటున ఒక తడి గోనెముక్క ఉంది. దాన్ని మొగుడికి చూపించాలి. జనం వచ్చేలోగా చూపించాలి.

నాగూర్ వలి తాతముత్తాతలు దూది ఏకేవాళ్ళు. భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ బొంతలూ కుట్టిపెట్టేవాళ్ళు. విత్తనాల కొట్టు పెట్టింది నాగూర్ వలి తల్లి. పత్తి గింజకు నూగు ఉంటుంది. ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి, గొర్రు గొట్టంలోంచి జారవు. అందుకని పేడా ఎర్రమన్నూ నీళ్ళలో కలిపి గింజలకు పట్టించి, అరచేతులతో రుద్ది నీడన ఆరబెడతారు. అప్పుడు గింజకు గింజ విడిపోయి శనగల్లా గలగలమంటాయి. వాన పడ్డ రోజున ఈ పనికి ఇంటింటా ఆడవాళ్ళ నడుములు పడిపోయేవి. ఆ ముసలామె చూసి చూసి, "ఈ పనేదో మనమే ముందుగా చేసిపెట్టి అమ్మితే పోలా" అంది. అప్పట్నుంచీ చుట్టుపక్కల ఊళ్ళకు సాయిబుల గింజంటే వాన పడ్డ పూటే గొర్రులో పోసుకునే గింజ.

కాకపోతే ఆమెకొక పట్టింపు ఉండేది. పేడ ముట్టించేముందు గుప్పెడు గింజలు తడిగోనెలో చుట్టి మొలక కట్టేది. మొలక చూశాకే మన్ను తెప్పించేది. "పూత పడ్డాక దీని మొహం మనక్కూడా కనపడదే అమ్మాయ్" అనేది కోడలితో. ఆమె పోయాక కూడా ఆ పని ఏ ఏడూ తప్పలేదు. ఈ ఏడే తప్పింది.

ఎండాకాలంలో, వేళగాని వేళ గాలివాన వచ్చింది. బుల్లయ్య మిరపకాయలు అప్పటికింకా కల్లంలోనే ఉన్నాయి. బుల్లయ్య ఊళ్ళో పెద్ద సేద్యగాడు, అంతకన్నా పెద్ద నోరు. ఆ రోజు మాత్రం ఆ నోరు పెగల్లేదు. సగం తడిసిన బస్తాలు బండికెత్తుకుని కొట్టు ముందుకొచ్చి, "అమ్మా, తల్లీ, నీ కాళ్ళు మొక్కుతా, కాస్త చోటివ్వు" అన్నాడు. నాగూర్ వలి ఊళ్ళో లేడు. మౌలాబీకి జాలేసి లోపల పడేయించమంది. చోటెక్కడుంది? చిలకలూరిపేటలో అబ్దుల్ ఖాదర్ జిన్నింగు మిల్లు నుంచి తెచ్చి పోసిన పత్తి గింజల రాశి కొట్టు నిండా ఉంది. బస్తాలన్నీ దాని మీదే పడ్డాయి. ముసురు పట్టి ఎండ రాలేదు. బస్తాల తడి రాశిలోకి దిగింది. తీరా అవి తీసుకెళ్ళాక రాశిలో చెయ్యి పెడితే ఉడికిన కుండలో పెట్టినట్టుంది, ముక్కిన వాసన. అంత చేస్తే బుల్లయ్య ఊరంతా చెప్పిందేమిటి? సాయిబు కొట్లో పెట్టబట్టి తన కాయ రంగు పోయిందని.

నాగూర్ వలి ఆ గింజల్ని ఎండబోశాడు, తిరగబోశాడు, బాగున్నవీ బాగాలేనివీ కలిపేశాడు. మొలక కడదామంటే, "ఏటా కట్టేదేగా, ఈసారి తీరిక లేదు" అని మన్ను తెప్పించాడు. మౌలాబీ ఇక ఉండబట్టలేక, పూత పట్టించిన గింజల్లోంచే గుప్పెడు తీసి కడిగి, తడిగోనెలో చుట్టి, ఎవరికీ చెప్పకుండా నీళ్ళబాన వెనక పెట్టింది. ఈ పొద్దున విప్పి చూసింది. పదింటికి మూడో నాలుగో ముక్కు విప్పాయి. మిగిలినవి వేలితో నొక్కితే మెత్తగా చితికి పాచినీళ్ళు కారాయి.

"ఏమయ్యా, ఇటొకసారి రా" అని పిలిచి గోనెముక్క చేతుల్లో పరిచింది.

నాగూర్ వలి చూశాడు. చూసి, ముందు వాకిలి వైపు తిరిగి ఎవరన్నా వస్తున్నారేమో చూశాడు.

"ఎవరు కట్టమన్నారే నిన్ను?"

"ఎవరూ అనలేదు. ఎప్పుడూ కట్టేదేగా."

"ఎప్పుడూ కట్టేది పేడ పట్టించకముందు. ఇప్పుడు కట్టి ఏం లాభం? ముందయితే గొడ్లకు దాణా కిందన్నా అమ్ముకునేవాళ్ళం. పేడ పూసిన గింజ గేదె కూడా మూతిపెట్టదు."

"అంటే నీకు ముందే తెలుసా?"

"నాకేం తెలుసు? సగం మొలుస్తాయనుకున్నా. ఇప్పుడు మాత్రం ఏమైంది, ఒత్తుగా పోసుకోమని చెబుతా. ఆపైన వాన ఎక్కువైతే కుళ్ళిందంటారు, తక్కువైతే మాడిందంటారు. చీమలెత్తుకుపోయాయంటారు. నేలలో పడ్డ గింజ సంగతి ఎవడికి తెలుస్తుందే? ఎవడూ మన వాకిట్లోకొచ్చి అడగడు."

"అడగకపోతే మాత్రం?"

"అడగకపోతే ఇంకేంటి?" నిజంగానే అర్థం కానట్టు చూశాడు నాగూర్ వలి. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆ రోజు బస్తాలు లోపల వేయించింది ఎవరు? నేనా?" అన్నాడు.

మౌలాబీ గోనెముక్క మళ్ళీ మడిచి కొంగు చాటున పెట్టుకుంది. అప్పటికే వాకిట్లో గంపల చప్పుడు.

జనం తోసుకుంటూ వచ్చారు. నాగూర్ వలి కుంచంతో కొలిచి పోస్తుంటే మౌలాబీ సంచుల మూతులు పట్టుకుంది. పట్టుకుంటూనే ఒక్కొక్క మొహం చూస్తోంది, చూసి తల తిప్పుకుంటోంది. "ఒత్తుగా పోసుకోండయ్యా, ఈ ఏడు ఒత్తుగా పోస్తేనే మంచిది" అని అందరికీ చెబుతున్నాడు నాగూర్ వలి. బుల్లయ్య బండితో వచ్చి, "ఒత్తుగా పోయమంటే నీ గింజలు ఎక్కువ అమ్ముడుపోతాయనా సాయిబూ?" అని అందర్నీ నవ్వించి, బండి నింపుకుని పోయాడు.

ఆఖర్న వచ్చారు ఏసోబు, అతని భార్య సంతోషకుమారి. ఏసోబు పెళ్ళికాకముందు నుంచీ ఒకే ఆసామి దగ్గర పాలేరు. ఈ ఏడే ఆ ఆసామి రెండెకరాలు కౌలుకిచ్చాడు. "పంట తీసి చూపించు, వచ్చే ఏడూ నీదే. తియ్యలేకపోయావా, మళ్ళీ నా దొడ్లోకే" అన్నాడు. ఆ మాట ఊరందరికీ తెలుసు. ఏసోబు పొద్దున్నే గడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. విత్తనం కొనడానికి తనకోసం తను రావడం అతనికి ఇదే మొదలు.

"సాయిబుగారూ, మా ఆయన మొహం చూసి తక్కువ కొలవబాకండి. ఇవాళ పాలేరు కాదు, రైతు" అంది సంతోషకుమారి.

"రైతయితే ఎడ్లేవమ్మా?"

"ఎడ్లు అద్దెవి, గొర్రు అరువుది. మొగుడొక్కడే సొంతం. అదీ పాతదే."

ఏసోబు సిగ్గుపడి నవ్వాడు. నాగూర్ వలీ నవ్వాడు. కుంచం నింపబోతుంటే సంతోషకుమారి మౌలాబీ వైపు తిరిగింది.

"మగాళ్ళు బేరం మాట చెబుతారు గానీ మౌలాబక్కా, నువ్వు చెప్పు. గింజ మంచిదేనా?"

కుంచం మీద నాగూర్ వలి చెయ్యి ఆగింది. ఎంత సేపు? కళ్ళు మూసి తెరిచేంత. మౌలాబీకి మాత్రం బారెడు పొద్దు గడిచినట్టయింది.

"మంచిదే" అంది.

"ఇక చాలు. నీ మాట మీద పోసుకుంటాం."

మౌలాబీ గబగబా కుంచం లాక్కుని తనే ఒకటికి రెండుసార్లు ఎక్కువ పోసింది. "కొసరు" అంది. సంతోషకుమారి ఆశ్చర్యపోయి, "ఇంత కొసరా! నువ్వు చల్లగా ఉండాలక్కా" అని గంప నెత్తిన పెట్టుకుని పోయింది.

కొసరు వేస్తే కాస్త తేలికపడుతుందనుకుంది మౌలాబీ. తేలికపడలేదు. ఇంకా బరువెక్కింది. మొలవని గింజ కుంచమయితేనేం, పుట్టయితేనేం!

లోపలికెళ్ళి కూర్చుంది, లేచింది. నీళ్ళు తాగబోయి చెంబు దించేసింది. తనకే చిరాకేసింది. తనేమీ పీరు దర్గాలో పుట్టిన మనిషి కాదు. చిన్నప్పుడు నాన్న దూది ఏకుతుంటే పక్కన కూర్చుని, కొత్త పరుపులో పాత బొంతల దూది కలిపి కుక్కేది. ఒక పెళ్ళివారి పరుపులో నల్లదూది బయటపడి వాళ్ళు గోలచేస్తే నాన్న వీపు చిట్లగొట్టాడు. కలిపినందుకు కాదు, పైపొరలో కలిపినందుకు. దెబ్బలు పడకుండా ఉంటే తప్పు లేనట్టే అని అప్పట్లో అనుకునేది. కాపురానికొచ్చాక అత్త దెబ్బలు కొట్టలేదు. "నలుగురూ ఏమనుకుంటారే? మన గింజకు పేరుంది" అనేది. ఆ పేరు కోసం మౌలాబీ చెడ్డగింజ ఏరి పారేసేది. నలుగురి నోళ్ళకు భయపడటం దెబ్బలకు భయపడటం కన్నా గొప్పగానే తోచింది.

ఇప్పుడు కొట్టేవాళ్ళు లేరు. నలుగురూ ఏమీ అనుకోరు, ఎందుకంటే నలుగురికీ తెలీదు. మొగుడు చెప్పింది అక్షరాలా నిజం. మరి ఈ గుండెదడ దేనికి? ఎవరి భయం ఇది? వెతికి వెతికి చూసుకుంది. భయపడటానికి ఎవరూ దొరకలేదు. దడ మాత్రం తగ్గలేదు.

కట్టుకొయ్య దగ్గర ఎద్దు తాడు తెంపుకున్నట్టు ఒక్కసారిగా లేచింది. తమ సొంత చేనికని రాశిలోంచి, బస్తాలు పడకముందే తీసి కుండలో దాచిన గింజలున్నాయి. వాటికి అప్పుడే పేడ పట్టించి ఆరబెట్టింది కూడా. కుండ మొత్తం గంపలో బోర్లించుకుని, దొడ్డిదారిన చేలల్లోకి బయల్దేరింది. ఏసోబు వాళ్ళకు ఇవి ఇచ్చి, అవి వెనక్కి తెచ్చేస్తే సరి. మూడో కంటికి తెలీదు. సంతోషకుమారికి చెప్పిన అబద్ధం ఒక్కటీ దిద్దుకుంటే చాలు అనుకుంది.

రేగడి చెప్పుల్ని పట్టి లాగుతోంది. చెప్పులు చేత పట్టుకుని నడిచింది. ఎటు చూసినా గొర్రులే. గొర్రు పైన జడ్డిగం అని చెక్క గిన్నె ఉంటుంది, అందులో ఆడవాళ్ళు గుప్పెడు గుప్పెడు గింజలు వదులుతూ వెనకాల నడుస్తారు. చేను చేనుకూ అదే పని. ఎర్రమన్ను పూసిన గింజలు గలగలా దిగిపోతున్నాయి. మౌలాబీ తల వంచుకుని నడిచింది.

ఏసోబు అప్పటికి నాలుగు సాళ్ళు తోలాడు. మౌలాబీని చూసి ఎడ్లను ఆపాడు.

"ఏందక్కా, మా సద్దన్నంలో వాటాకొచ్చావా?" అంది సంతోషకుమారి.

"ఆ గింజ పోయకు. ఇది పోసుకో. మా చేనికని దాచుకున్నది."

"అది మంచిదేనన్నావుగా?"

"ఇది ఇంకా మంచిది."

సంతోషకుమారి జడ్డిగం మీద చెయ్యి పెట్టి ఆమెను ఎగాదిగా చూసింది. మోకాళ్ళ దాకా బురద, చేతిలో చెప్పులు, రొప్పు.

"ఇంత దూరం గంప మోసుకొచ్చి ఇంకా మంచి గింజ ఇచ్చే బేరగాళ్ళను నేనెక్కడా చూళ్ళేదు మౌలాబక్కా. సంగతేందో చెప్పు."

మౌలాబీ చెప్పింది. గోనెముక్క తీసి చూపించింది. ఏసోబు తను విత్తిన నాలుగు సాళ్ళ వైపూ తిరిగి, ఎవరో పడుకున్నవాళ్ళను చూసినట్టు చూస్తూ నిలబడ్డాడు.

"పొద్దున నా మొహం మీద మంచిదేనన్నావు" అంది సంతోషకుమారి.

"అన్నాను."

"నీ మాట మీద పోస్తామన్నాను."

"అన్నావు."

సంతోషకుమారి జడ్డిగంలోని గింజలు రెండు చేతులా తోడి గట్టు మీద పారబోసింది. కొత్త గంప అందుకుంది. అందుకుంటూ పక్క చేను వైపు గడ్డంతో చూపించింది. అక్కడ బుల్లయ్య మూడు గొర్రులు కట్టి తోలిస్తున్నాడు.

"వాళ్ళక్కూడా తెచ్చావా గంప?"

"లేదు."

"మరి?"

మౌలాబీ ఇంటి దారి పట్టింది. మరేముంది? బుల్లయ్యకేం తక్కువ! ఒక పంట పోతే ఇంకో పంట. అసలు గింజ చెడింది ఎవరి బస్తాల వల్ల? చోటిచ్చినందుకు తిరిగి నిందలేసిన మనిషి! పోనీ, వాడి తడి వాడికే తగిలింది అనుకుంటూ పది బారలు నడిచింది. కాళ్ళు సాగలేదు. ఏసోబుకు చెప్పించింది జాలి, ఆ సంగతి ఆమెకు తెలుసు. బుల్లయ్య మీద వీసమెత్తు జాలి లేదు. అయినా అతని చేలో గింజ పడుతుంటే ఆ చప్పుడు తన వీపు మీద పడుతున్నట్టే ఉంది. మొహం చూసి ఒకరికి చెప్పి, మొహం చూసి ఇంకొకరికి దాస్తే తను చేసింది నిజం చెప్పడం ఎట్టా అవుతుంది? ఇష్టమైనవాళ్ళకు కొసరు వేసినట్టవుతుంది, అంతే.

వెనక్కి తిరిగింది. గట్టు దాటి, నడుస్తున్న గొర్రుకు ఎదురెళ్ళి నిలబడింది. ఎడ్లు బెదిరి పక్కకు లాగాయి. జడ్డిగంలో గింజలు వదులుతున్న కూలిమనిషి కొండమ్మ, "ఓయమ్మో, కాడి కింద పడతావే!" అని కేకపెట్టింది.

బుల్లయ్య గట్టు మీంచి పరుగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? అరకకు అడ్డం రావడం ఎక్కడన్నా ఉందా?"

"ఆపించండి. ఆ గింజ మొలవదు."

"ఏ గింజ?"

"మా గింజే. మొలక కట్టి చూశాను. పదింటికి మూడు."

బుల్లయ్య మౌలాబీ మొహం చూశాడు. కొండమ్మ చేతిలోంచి గింజ లాక్కుని, పేడ గోకి, పంటికింద పెట్టి కొరికాడు. తుపుక్కున ఉమ్మాడు. ఇంకోటి కొరికాడు. మళ్ళీ ఉమ్మాడు.

"ఎట్టా చెడింది?"

మీ మిరపకాయల తడికి, అనే మాట మౌలాబీ నాలుక చివరి దాకా వచ్చింది. అది అబద్ధం కూడా కాదు. కానీ చెడిన గింజకు పేడ పూసి అమ్మింది మిరపకాయలు కాదు.

"మా కొట్లో చెడింది. చెడిందని తెలిసే అమ్మాం" అంది.

బుల్లయ్యకు ఆ నోరు ఉన్నందుకు ఒక్క ఉపయోగం ఆ రోజు కనపడింది. నడుం మీద చేతులు పెట్టుకుని, "ఒరేయ్! ఆపండ్రా గొర్రులు! సాయిబుల గింజ మొలవదంటరోయ్!" అని అరిచాడు. పక్క చేనోడు అందుకుని అవతలి చేనోడికి అరిచాడు. చూస్తుండగానే రేగడి మీద ఎక్కడి గొర్రులు అక్కడ నిలిచిపోయాయి.

మధ్యాహ్నానికి ఊరంతా కొట్టు ముందుంది. తిరిగొచ్చిన సంచులు వాకిట్లో గుట్టపడ్డాయి. నాగూర్ వలి గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఎత్తి, "ఆడది, దానికేం తెలుసు? ఎవరో ఏదో చెబితే భయపడింది. మా అమ్మ నాటి నుంచీ మన గింజ..." అని అందుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదు" అంది మౌలాబీ జనంలోంచి. గోనెముక్క అరుగు మీద పరిచింది. "నేను కట్టాను, నేను చూశాను. పొద్దున ఆయనకూ చూపించాను."

పెళ్ళయ్యాక నలుగురిలో మొగుడి మాటకు ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదలు. నాగూర్ వలి చేతులు కిందికి దిగాయి. కొడతాడేమో అనుకుంది. కొట్టలేదు. అరుగు మీద కూలబడ్డాడు.

"తిట్టి ఏం లాభంరా ఇప్పుడు? పదును ఆరిపోతాది, ముందా సంగతి చూడండి" అన్నాడు ఎవరో ముసలాయన.

"పేటలో అబ్దుల్ ఖాదర్ దగ్గర గింజలుంటాయి" అన్నాడు నాగూర్ వలి నేల చూస్తూ. "ఏం పెట్టి తేను? అతనికి నా మొహం ఎట్టా చూపించను?"

మౌలాబీ పెరట్లోకెళ్ళి చూడిగేదెను విప్పుకొచ్చింది. తాడు మొగుడి చేతిలో పెట్టింది. నాగూర్ వలి ఆ తాడు వైపు, ఆమె వైపు చూసి లేచాడు. రెండు బండ్లు కట్టారు. ఒక బండి వెనక గేదెను కట్టారు. బుల్లయ్య తలకు తువ్వాలు చుట్టుకుని ముందు బండెక్కాడు.

"నేనూ వస్తా. ఈసారి నా పళ్ళతో కొరికి చూసి తెస్తా. నీ కళ్ళతో చూసింది చాల్లే సాయిబూ."

ఆ సాయంత్రం గాలి తిరిగింది. ముందు చింతాకు కదిలింది, తర్వాత ధూళి లేచింది. పడమటి గాలి. మౌలాబీ ఎవరి చేనని చూడకుండా చేలల్లో తిరిగింది. వంగి మట్టిలో వేలు గుచ్చి చూసేది. పైన పొడిగా, వేలు లోపలికి వెళ్ళేకొద్దీ చల్లగా తగిలేది. రెండడుగులు వేసి మళ్ళీ గుచ్చేది. దారిన పోయేవాళ్ళు పలకరించలేదు. ఒకామె కావాలనే అటు తిరిగి చుట్ట వెలిగించుకుంది. రాత్రి కొట్టు గుమ్మంలోనే కూర్చుని గాలి వింటూ తెల్లవార్చింది.

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక బండ్లొచ్చాయి, గేదె లేదు. బుల్లయ్య బండి దిగకముందే, "కొరికా! అన్నీ కొరికా! దవడలు పడిపోయాయి. బాగుంది గింజ" అని ప్రకటించాడు.

నాగూర్ వలి అలవాటు కొద్దీ, "పేడ పట్టించి..." అన్నాడో లేదో పది గొంతులు లేచాయి.

"వద్దు, వద్దు! వట్టి గింజే కొలువు. మా పేడ మేం పూసుకుంటాం."

"గింజ కంటికి కనపడాల."

అట్టాగే కొలిచాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఊళ్ళో ప్రతి వాకిట్లో మళ్ళీ పేడా ఎర్రమన్నూ కలిపారు. ఆడవాళ్ళు తిట్టుకుంటూ, నడుములు పట్టుకుంటూ రుద్దారు. అందరి చేతులూ ఎర్రగా ఉంటే, కాపురానికొచ్చినప్పట్నుంచీ ఆ పనే చేసిన మౌలాబీ చేతులొక్కటే ఖాళీగా ఉన్నాయి. ఎవరూ రమ్మనలేదు.

కొట్లో కొలత పాత్రలు సర్దుతూ నాగూర్ వలి నిన్నటి నుంచి మొదటిసారి భార్యతో మాట్లాడాడు. "వచ్చే ఏడు మన వాకిలి ఎవడూ తొక్కడు."

"తొక్కకపోవచ్చు."

"గేదె పోయింది, పేరు పోయింది. నీకేం మిగిలిందే?"

మౌలాబీ ఆలోచించింది. పోయినవి నిజంగానే పోయాయి. మిగిలిందంటూ చేత్తో తీసి చూపించేది లేదు. "పోయి ఏసోబు చేను చూసొస్తా" అని లేచింది.

నిన్న తను ఇచ్చిన గంప ఏసోబుకు ఎకరానికే సరిపోయింది. రెండో ఎకరానికి బండి మీదొచ్చిన గింజ తీసుకున్నాడు. సంతోషకుమారి చేను గట్టు మీదే గోనె పరిచి ఒక్కతే పేడ పట్టిస్తోంది. చేతకాక ఉండలు కడుతున్నాయి. అద్దె ఎడ్లను పొద్దుగూకేలోగా అప్పజెప్పాలి. ఏసోబు గొర్రు పట్టుకుని నిలబడి, ఒకసారి సూర్యుడి వైపు, ఒకసారి గోనె వైపు చూస్తున్నాడు. నేల పైన అప్పుడే తెల్లబారుతోంది.

మౌలాబీ కాస్త దూరంలో ఆగింది. అరచెయ్యి బిగించి విప్పింది. నీళ్ళు ఎక్కువయ్యాయి, మన్ను తక్కువయింది, రుద్దటం అట్టా కాదు. చెప్పాలని నోటి దాకా వచ్చింది. చెప్పే అర్హత తనకుందో లేదో తెలీక ఊరుకుంది.

సంతోషకుమారి తలెత్తకుండానే, "అట్టా నిలబడి చూస్తే గింజలు విడిపోతాయా?" అంది.

మౌలాబీ వచ్చి గోనెకు ఇటువైపు కూర్చుంది. ఇంకాస్త మన్ను చల్లి, రెండు అరచేతుల మధ్యా గింజల్ని తీసుకుని రుద్దింది. అవి విడిపోయి గోనె మీద పడుతున్నాయి. సంతోషకుమారి తన పని తను చేసుకుంటూనే ఉంది గానీ ఆమె కళ్ళు మాత్రం మౌలాబీ చేతుల్ని వదల్లేదు. గుప్పెట మూస్తే గుప్పెట వైపు, తెరిస్తే తెరిచిన చేతి వైపు. మధ్యలో ఒకసారి చెయ్యి చాపి మౌలాబీ అరచేతిలోంచి ఒక గింజ తీసుకుని, మన్ను తుడిచి, ఎండకేసి పట్టి చూసి మళ్ళీ వేసింది.

చూడనీ, అనుకుంది మౌలాబీ. చేతులు ఇంకాస్త వెడల్పుగా తెరిచి రుద్దింది.

"ఆరిందాకా ఆగాలి కాసేపు" అంది.

"ఎంతసేపు?" ఏసోబు అడిగాడు.

"ఈ గాలికి ఎంతోసేపు పట్టదు."

ముగ్గురూ గింజల్ని పల్చగా నెరిపారు. కాసేపటికి ఏసోబు ఎడ్లను అదిలించాడు. సంతోషకుమారి ఒళ్ళో గింజలు పోసుకుని గొర్రు వెనక నడిచింది. మౌలాబీ గట్టు మీద వంగి మట్టిలో వేలు గుచ్చింది. రెండో కణుపు దాకా పొడే. ఆ కింద చల్లగా తగిలింది.

"లోతుగా పట్టవయ్యా గొర్రు!" అని కేకేసింది. "ఇంకాస్త లోతుగా!"